హనుమకొండ నుండి డల్లాసునకు

డల్లాసు ఎంత దూరమని హనుమకొండలో ఎవరి నడిగినను దినములలోను గంటలలోను చెప్పుదురే గాని కిలోమీటర్లలో చెప్పరు. శంషాబాదునకును డల్లాసు విమానాశ్రయమునకును నడుమ అతిసమీపమైన మార్గము సుమారు 14,400 కిలోమీటర్లు; భూమి చుట్టుకొలత ఇంచుమించు 40,000 కిలోమీటర్లు గావున, బిడ్డను సాగనంపు తల్లి పుడమిలో మూడవ వంతునకు మించిన దూరమునకే పంపుచున్నది.

గోడమీది పటమును చూచినవారు విమానము పడమటికి పోవుననియే తలంతురు; కాని గోళముపై దారము లాగి చూచినచో అది హైదరాబాదు నుండి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరమునకు సాగి, 85వ అక్షాంశమును దాటి, ధ్రువమునకు కొంచె మెడముగా మరలి, కెనడా మీదుగా క్రిందికి దిగును. ఆ దారిని ఎక్కడను నిలువక పోవు విమానము మనకు లేదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాదు నుండి షికాగోకు నేరుగా ఒక విమానమును నడపినది గాని, అది కొనసాగకపోవుట నాకు నేటికిని కొరతగనే తోచుచున్నది.

కావున మనవారిలో అనేకులు దుబాయి మీదుగా పోవుదురు. అక్కడికి 2,550, అక్కడినుండి 12,900 కిలోమీటర్లు. చుట్టు తిరుగుటచే పెరిగినది వేయి కిలోమీటర్లు, అనగా గగనమున గంటకు కొంచెము మించిన కాలము మాత్రమే. అసలు కాలహరణము నేలపైననే జరుగుచున్నది. ముందటి రాత్రి ఇరువది మూడు కిలోలకు మించకుండ పెట్టెను కొక్కెపు త్రాసునకు తగిలించి తూచి, ముల్లు దాటినచో చొక్కాలు తీసివేసి ఆవకాయ డబ్బాను మాత్రము ఉంచి, జనగామ, భువనగిరి, ఘట్‌కేసరుల మీదుగా కారులో మూడు గంటలకు పైగా పోయి, విమానమునకు మూడు గంటలు ముందుగా చేరి, మరల దుబాయిలో కాచుకొనవలెను. ఆకాశమున ఇరువది గంటలైన, నేలపై పది గంటలు! శీతకాలమున డల్లాసు గడియారము మనకంటె పదకొండున్నర గంటలు వెనుకబడి యుండుటచే, వేకువజామున ఎగిరినవాడు అదే తేదీన అక్కడ దిగును, ఇక్కడ మాత్రము మరునాటి తెల్లవారుజామైనను తండ్రి నిదురింపక "దిగినవా బిడ్డా?" యని ఫోనులో అడుగుచునే యుండును.

మన పొలిమేరనే మామునూరు కలదు. 1930లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కట్టించిన అక్కడి విమానాశ్రయము 1981 తరువాత మూతపడినది. శంషాబాదునకు 150 కిలోమీటర్ల లోపల వేరొకటి వెలయరాదను ఒడంబడిక చిరకాలము అడ్డు నిలువగా, 2025లో కేంద్రప్రభుత్వము దాని పునరుద్ధరణకు అనుమతి నొసగినది. అక్కడినుండి డల్లాసునకు విమాన మెగురవలెనని నేను కోరను. అంతటి రన్‌వేయు లేదు, అంతమంది ప్రయాణికులును ఉండరు. ఢిల్లీకో ముంబయికో చిన్న విమాన మొకటి నడచిన చాలును. పెట్టెలను మామునూరుననే అప్పగించి, బిడ్డను సాగనంపిన తల్లిదండ్రులు గంటలోపల ఇల్లు చేరుదురు.