యుద్ధకాల సరఫరాలో వర్తక నావికులు: 1942 ఏప్రిల్ బంగాళాఖాత దాడులు – ఒక పరిశీలన

ప్రవేశిక

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ ఘటన తెలుగువారి జ్ఞాపకంలో ప్రధానంగా పట్టణాలపై జరిగిన దాడిగా నిలిచింది. అయితే ఆ రోజుల్లో తీరానికి ఆవల, సముద్రంలో జరిగిన నష్టం అంతకన్నా ఎక్కువ. దానికి బలైనవారిలో అధికులు సైనికులు కారు. ఒప్పందంపై జీతానికి పనిచేసిన వర్తక నావికులు. యుద్ధ సరఫరాలో వారి స్థానమేమిటో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

రక్షణ లేని ప్రయాణం

1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యాయి. కలకత్తా రేవులో నౌకలు కిక్కిరిశాయి. అక్కడే ఉంచితే వైమానిక దాడికి గురవుతాయన్న భయంతో వాటిని సముద్రంలోకి పంపివేశారు. వెంట కాపలాగా నడిపేందుకు యుద్ధనౌకలు చాలలేదు. విమానవాహక నౌక 'ర్యూజో', క్రూయిజర్లతో వచ్చిన ఓజావా దళం కొద్ది రోజుల్లోనే 20 వర్తక నౌకల వరకు ముంచివేసింది. తూర్పు తీర నౌకాయానం కొంతకాలం స్తంభించింది.

పౌరుడా, యోధుడా?

నాటి బ్రిటిష్ వర్తక నౌకల సిబ్బందిలో సుమారు నాలుగో వంతు భారతీయులు. ఆంగ్ల పత్రాలలో 'లాస్కర్లు'గా నమోదైన వీరినే మనం కళాసీలంటాం. సిల్హెట్, చిట్టగాంగ్, రత్నగిరి, గోవా ప్రాంతాలవారు వీరిలో ఎక్కువ. డెక్కు పని, బాయిలర్ల వద్ద బొగ్గు పని సరంగుల అజమాయిషీలో సాగేవి. ఒకే నౌకపై తెల్లజాతి నావికునితో సమానమైన ప్రమాదమున్నా, వీరి వేతనం అందులో చిన్న భాగమే. 1939లో బ్రిటిష్ రేవుల్లో యుద్ధకాల వేతనం కోరుతూ సమ్మె చేసినవారిలో వందలమంది జైలుపాలయ్యారు. తర్వాత వేతనాలు కొంత పెరిగినా అంతరం తొలగలేదు. అంటే ప్రమాదం సైనికునిది, ప్రతిఫలం వలస కూలీది. 'పౌరుడు' అన్న హోదా వీరిని శత్రువు నుండి కాపాడలేదు. సైనికుని గుర్తింపును మాత్రం దూరం చేసింది.

ముగింపు

ఆ యుద్ధంలో 6,000 మందికి పైగా భారతీయ వర్తక నావికులు మరణించారు. వారి పేర్లున్న స్మారక గ్రంథం ప్రతులు ముంబయి, చిట్టగాంగ్‌లలో ఉన్నాయి. నౌకా నష్టాన్ని టన్నులలో కొలవడం అలవాటైన చరిత్రలో ఆ పేర్లు వెనుకబడ్డాయి. విశాఖ, కాకినాడ దాడుల అధ్యయనం తీరం వద్ద ఆగక, నౌకల సిబ్బంది పట్టికల వరకు సాగినప్పుడే తెలుగు తీర చరిత్ర సమగ్రమవుతుంది.