వంతెన అవతల అక్క

యూరప్‌లో కారేసుకుని దేశం దాటడం ఎలా ఉంటుందో మా అన్నయ్య ఒక్క ముక్కలో చెప్పేవాడు. "విజయవాడ నుంచి ఖమ్మం వెళ్ళినట్టే రా, బోర్డుల మీద భాష మారుతుంది, అంతే." అన్నయ్య ఉండేది జర్మనీలో, కార్ల్స్‌రూహె. అక్కావాళ్ళది ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. మధ్యలో సుమారు 80 కిలోమీటర్లు, రైన్ నది. ఆ నది మీద కేల్ ఊరి దగ్గర యూరప్ వంతెన. ప్రతి ఆదివారం వెళ్ళి అక్క చేతి పప్పుచారు తిని వచ్చేవాడు. పాస్‌పోర్టు జేబులోంచి తీసిందే లేదు.

2020 ఏప్రిల్‌లో అక్కకి పాప పుట్టింది. పురుడు పొయ్యడానికి అమ్మ మార్చి నెలాఖరుకి టికెట్ తీసుకుంది. మార్చి 22 నుంచి మన దేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. బాలింతకి పెట్టాల్సిన కాయం, శొంఠి పొడి, వెల్లుల్లి కారం మాత్రం ముందే తెలిసినవాళ్ళతో అన్నయ్య ఇంటికి చేరాయి. సరే నేనే ఇచ్చొస్తా అని బయల్దేరాడు. వంతెన దగ్గర పోలీసులు మర్యాదగానే అడిగారు, ఏం పని అని. "చెల్లికి కాన్పైంది" అన్నాడు. ఉద్యోగమా? కాదు. వైద్యమా? కాదు. సరుకు రవాణానా? డిక్కీలో ఉన్నది వెల్లుల్లి కారం. వెనక్కి తిప్పి పంపేశారు.

అసలు లేని సరిహద్దు మళ్ళీ ఎలా వచ్చింది? ఇక్కడే నాకు ఇంట్రెస్ట్ పుట్టింది. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర, మోజెల్ నదిలో ఒక పడవ మీద ఐదు దేశాలు సంతకాలు పెట్టాయి. 1995 నుంచి అమల్లోకొచ్చింది. తనిఖీలు తీసేశారు గానీ, అవసరమైతే మళ్ళీ పెట్టుకునే హక్కుని ఎవరూ వదులుకోలేదు. హఠాత్తుగా ముప్పు వస్తే ముందు 10 రోజులు, తర్వాత 20 రోజుల చొప్పున పొడిగింపులు, మొత్తం రెండు నెలలు మించకూడదు, ఇదీ 2020 నాటి రూలు. జర్మనీ 2020 మార్చి 16న మొదలుపెట్టింది. రెండు నెలలు లెక్కేస్తే మే 15. తర్వాత ఇంకో నెల పొడిగించారు. మేం క్యాలెండర్ మీద ఆ తేదీల చుట్టూ సున్నాలు చుట్టుకుంటూ కూర్చున్నాం.

దేశానికో రూలు కావడంతో విచిత్రాలూ జరిగాయి. బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దు మీద బార్లె అనే ఊరుంది. అక్కడ గీత ఇళ్ళ మధ్యలోంచి, షాపుల మధ్యలోంచి పోతుంది. ఒక బట్టల షాపులో బెల్జియం వైపు సగం మూసేసి, రెండో సగంలో అమ్మకాలు సాగించారు! జర్మనీలోని కాన్‌స్టాన్స్‌కీ స్విట్జర్లాండ్‌లోని క్రొయిట్స్‌లింగెన్‌కీ మధ్య ముందు ఒక కంచె వేశారు. జనం దాని మీదుగానే చేతులు పట్టుకుంటున్నారని రెండో కంచె వేశారు. లారీలకైతే మార్చి 23న యూరోపియన్ కమిషన్ ప్రత్యేక దారులు పెట్టమంది, తనిఖీ 15 నిమిషాలు దాటకూడదని. అంటే టమాటాలు దాటొచ్చు, మేనమామ దాటకూడదు. ఇది మా అమ్మ కామెంట్. మనకి నవ్వే హక్కు లేదులెండి. అదే మార్చిలో హైదరాబాద్ హాస్టళ్ళ నుంచి పాసులు పట్టుకుని బయల్దేరిన వాళ్ళు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోలేదూ?

జూన్ 15తో ఆంక్షలు తీసేశారు. 16 పొద్దున్నే అన్నయ్య వంతెన దాటాడు. పాపకి అప్పటికి రెండు నెలలు. అక్క డబ్బా మూత తీసి వాసన చూసి ఏడ్చిందట. వీడియో కాల్‌లో మాకది కనిపించలేదు, ఫోన్ పక్కన పెట్టేసింది.

2021 జూలై 1 నుంచి క్యూఆర్ కోడ్ సర్టిఫికెట్ వచ్చింది. మన బ్రాంచి వాళ్ళకి నచ్చే విషయం ఇది. టీకా, టెస్టు, లేదా వ్యాధి తగ్గిన వివరం ఆ కోడ్‌లోనే ఉండేది, కింద డిజిటల్ సంతకం. ఇచ్చిన దేశం దగ్గర ప్రైవేట్ కీ, చూసే వాళ్ళ దగ్గర పబ్లిక్ కీ. సంతకం సరిపోయిందా లేదా అన్నదే అప్పటి చెకింగ్. మీ వివరాలు ఇంకో దేశం సర్వర్‌కి పోవాల్సిన అవసరం ఉండేది కాదు.

అమ్మ వేయించుకుంది కొవిషీల్డ్. ఫార్ములా ఆస్ట్రాజెనెకాదే అయినా యూరప్ ఉమ్మడి జాబితాలో దానికి చోటు లేదు. ఒప్పుకోవాలో వద్దో ఏ దేశానికా దేశం తేల్చుకోవాల్సి వచ్చింది. జర్మనీ, ఫ్రాన్స్ రెండూ ఒప్పుకున్నాయి. ఆ ఏడాది చివర్లో అమ్మ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగింది. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్ళో పట్టుకుని కార్లో కూర్చుందట. రెండు గంటలు పోయాక, "ఒరేయ్, ఆ వంతెన వచ్చినప్పుడు చెప్పు, కవరు తీస్తా" అంది.

"దాటి పది నిమిషాలైందమ్మా" అన్నాడు అన్నయ్య.