వత్తులో చుక్క

డిసెంబరు వచ్చిందంటే మెదక్ చర్చి దారిలో ఫ్లెక్సీల మీద నా కళ్ళు వెతికే మాట ఒకటుంది: ‘ప్రార్థన’. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి గోపురం చాలా దూరం నుంచే కనబడుతుంది. అక్షరానికి ఆ ఎత్తు లేదు. బస్సు కిటికీలోంచి చూసేవారికీ అందాలంటే అది లావెక్కాలి. ఎక్కడ లావెక్కాలి, ఎక్కడ ఎక్కకూడదు అన్నదే చిక్కు.

ఇంగ్లిషులో ఈ చిక్కు పాతదే: బండ అక్షరాలు 19వ శతాబ్దం మొదట్లోనే లండన్ లాటరీ పోస్టర్ల మీదికి ఎక్కాయి. 1845లో అక్కడే అచ్చు అక్షరాలు పోతపోసే ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ యజమానుల్లో ఒకరైన రాబర్ట్ బెస్లీ ‘క్లారెండన్’ అనే టైపును రిజిస్టరు చేయించాడు. దాని పంచ్‌లు, అంటే పోతకు మూలమైన ఉక్కు అక్షరాలు, చెక్కింది బెంజమిన్ ఫాక్స్. గీతల కొసల్లో గట్టి అడ్డపట్టీలు, అవే సెరిఫ్‌లు, నిలువు గీతలోకి నున్నగా వంపు తిరిగి కలుస్తాయి. నా దృష్టిలో దాని గొప్పతనం మరొకటి: సన్న టైపు పక్కనే, అదే వరసలో ఒదిగి కూర్చునేలా కొలిచి చేశారు. నిఘంటువులో వెతికే మాట ఒక్క చూపుకే దొరకడం దాని చలవే. రిజిస్టరు హక్కు మూడేళ్ళే, ఆ గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలూ పోత పోసుకున్నాయి.

తెలుగులో సెరిఫ్‌కు దగ్గరి చుట్టం తలకట్టు అంటారు. నేనొప్పుకోను. సెరిఫ్ పోయినా ఇంగ్లిషు అక్షరం మారదు. ‘క’ మీది తలకట్టు తీసి గుడి పెడితే ‘కి’ అవుతుంది. ‘ప’కు తలకట్టు అంటకూడదు, అంటితే ‘వ’. లావు చేసేవాడి చేయి వణకాల్సిన చోటది.

‘ర్థ’ దగ్గర ఇంకా కష్టం. ‘ర’ కింద చిన్న సైజు ‘థ’ వత్తు, దాని కడుపులో చుక్క. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసిన టైపుకు సిరా పూసి కాగితం మీద అదిమితే, సిరా గీత అంచు దాటి పాకుతుంది. సన్న టైపులో అది తెలియదు. లావు టైపులో ఉన్న తెల్లసందే కొంచెం. చుక్కా కడుపూ కలిసి నల్లమచ్చవుతాయి. ‘కథ’ను ‘కధ’ అని రాసే అలవాటుకు అచ్చూ కొంత సాయపడిందేమోనని నా అనుమానం.

కంప్యూటర్‌లోని లావు అక్షరాల్లో, 2013లో గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించగా సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ‘రామభద్ర’ ఫాంటు నాకిష్టం. అష్టదిగ్గజాల్లో ఒకడైన అయ్యలరాజు రామభద్రుడి పేరది. శీర్షికలకూ పోస్టర్లకూ తగిన అక్షరం. పేరాలు పేరాలు అందులో కొడితే మాత్రం కళ్ళు అలిసిపోతాయి.

బోల్డ్ రూపం లేని ఫాంటుకు బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ గీతను అంతటా ఒకే కొలతన ఉబ్బిస్తుంది. మనిషి గీస్తే ఒంపుల దగ్గర సన్నం చేసి కడుపు తెరిచి ఉంచుతాడు. ఈసారి ఫ్లెక్సీ ఆర్డరిచ్చేటప్పుడు ‘ప్రార్థన’ అని కొట్టించి, పదడుగులు వెనక్కి వెళ్ళి, ఆ చుక్క కనబడుతోందేమో చూడండి.