టంకశాల పొరపాటా, ఆకురాయి పనా?



పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఒక ఐదు రూపాయల బిళ్ళ తెచ్చి నా బల్లమీద పెట్టినాడు. "సార్, ఇది మింట్ ఎర్రర్ అంట. మా నాయన తేరు సంతలో రెండువేలు పెట్టి కొన్నాడు. లక్షకు పోతుందంట" అన్నాడు. రెండువేలంటే ఆ ఇంట్లో నాలుగు రోజుల కూలి. చూస్తే బిళ్ళ పలచగా ఉంది, అక్షరాలు వాడిన సబ్బుమీద పేరులా అరిగిపోయి ఉన్నాయి. సైన్సు గదిలోని చిన్న తక్కెడలో వేస్తే 6.3 గ్రాములు తూగింది. మీద 1996 అని ఉంది. ఆ కాలపు రాగి-నికెల్ ఐదు రూపాయల నాణెం 9 గ్రాములుండాల.

నిజమైన పొరపాటు ఎట్లా పుడుతుందో తెలిస్తే దొంగపని తానే బయటపడుతుంది. టంకశాలలో లోహపు రేకునుంచి గుండ్రటి బిళ్ళలు కొడతారు, అంచు లేపుతారు, కాల్చి మెత్తబరుస్తారు. తరువాత బిళ్ళ చుట్టూ ఉక్కు వలయం పెట్టి, కిందొక అచ్చు, పైనొక అచ్చు ఉంచి ఒకే దెబ్బతో రెండువైపులా ముద్ర వేస్తారు. ఈ వరుసలో ఎక్కడో జరిగితేనే అది టంకశాల పొరపాటు. నాణెం బయటికొచ్చినాక జరిగిందంతా దెబ్బే, దానికి ముఖవిలువ తప్ప వేరే విలువ లేదు.

ఇప్పుడా పిల్లవాడి బిళ్ళ సంగతి. రేకే పలచనైతే నాణెం పలచగా వస్తుంది, నిజమే. కానీ వలయంలోనే కొట్టినారు కాబట్టి దాని వెడల్పు 23 మిల్లీమీటర్లు తగ్గదు. ఇది వెడల్పులోనూ తగ్గింది, అంచు మధ్యనుండే గాడి మాసిపోయింది. అన్నివైపులా సమంగా తిన్నది యాసిడ్ ఒక్కటే.

అంచు కోసుకుపోయిన నాణేలు ఇంకో రకం. రేకులో అప్పటికే కొట్టిన రంధ్రంమీద మళ్ళీ పడితే బిళ్ళకు నెలవంకలాంటి వెలితి వస్తుంది. అట్లాంటిదానికి సరిగ్గా ఎదుటివైపు అంచు చాలాసార్లు బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే అంచు లేపేటప్పుడు ఇటు ఒత్తేదానికి లోహం లేదు. వెలితి దగ్గరి అక్షరాలు కూడా దానివైపు సాగినట్టుంటాయి. కత్తిరించినదైతే అక్షరం టక్కున తెగిపోతుంది, భూతద్దంలో ఆకురాయి గీతలు కనిపిస్తాయి, ఎదుటి అంచు గట్టిగా ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది అద్దంలో బొమ్మలా తిరగబడిన ముద్రతో. కొట్టిన నాణెం ఊడిరాక పై అచ్చుకే అతుక్కుంటే, తరువాతి బిళ్ళకు అదే అచ్చవుతుంది. అప్పుడు కిందివైపు సింహాలు మామూలుగా ఉబ్బెత్తుగా పడితే, పైవైపు అవే సింహాలు లోపలికి గుంటగా, తిరగబడి పడతాయి. అంటే రెండువైపులా ఒకే బొమ్మ. అటువైపు "5" అంకె ఉండేదానికి వీల్లేదు. ఉండి, దానిమీదే ఇంకో బొమ్మ గుంటగా నొక్కుకుని ఉంటే, ఎవరో రెండు నాణేలను బెంచి వైస్‌లో పెట్టి బిగించినారని అర్థం.

రెండువైపులా సింహాలే ఉబ్బెత్తుగా ఉన్న నాణెం చూపిస్తే అంచు లోపలివైపు గోటితో తడమండి. గారడీవాళ్ళ కోసం రెండు నాణేలను చెక్కి కలిపినది అయితే సన్నటి అతుకు తగులుతుంది, నేలమీద వేస్తే మోగదు.

పిల్లలు ఒకటి తరచుగా అడుగుతారు: సంవత్సరం కింద గుర్తు లేకపోతే పొరపాటా అని. కాదు. నక్షత్రం హైదరాబాదుది, వజ్రం ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది. కోల్‌కతా టంకశాల ఏ గుర్తూ వేయదు, అంతే. అట్లాగే 2012 వైష్ణోదేవి బొమ్మ నాణెం పొరపాటు కాదు, చిల్లరలో వచ్చే నాణెమే.

పాతవి కొంటామని ఫోను చేసి ముందుగా కమీషనో పన్నో కట్టమనేవాళ్ళకు ఒక్క పైసా పంపకండి. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది, తన పేరుమీద అట్లా వసూలు చేసేవాళ్ళతో తనకు సంబంధం లేదని. పిల్లలూ, సరదాకైనా నాణెం కరిగించొద్దు. 2011 నాణేల చట్టం ప్రకారం అది నేరం.

ఇంట్లో అనుమానపు నాణెం ఉంటే శనివారం బడి వదిలినాక సైన్సు గదికి తెండి. తక్కెడ, భూతద్దం, అయస్కాంతం ఉంటాయి. రుద్ది, చింతపండుతో తోమి తేవద్దు, ఉన్నది ఉన్నట్టే కాగితంలో చుట్టి తెండి.

— ప్రధానోపాధ్యాయుడు