తైలానికి మెత్తని గొట్టమా?

మా వైద్యశాలలో తైలాన్ని సీసాలలోకి వంపడానికి మెత్తని పి.వి.సి. గొట్టాన్ని వాడేవాడిని. కొన్ని మాసాలకే అది కట్టెవలె బిగుసుకుపోయింది. కారణం తెలిసిన పిమ్మట ఎంతో నొచ్చుకున్నాను.

పి.వి.సి. స్వభావసిద్ధంగా కఠినమైనది. దానికి మార్దవాన్ని ఇచ్చేవి ప్లాస్టిసైజర్లనే ద్రవ్యాలు. థాలేట్లు, అడిపేట్లు, సిట్రేట్లు వీటిలో రకాలు. విద్యుత్ తీగల తొడుగులు, రెగ్జిన్, రక్తం నిలువచేసే సంచులు వీటి వల్లనే మెత్తగా వంగుతున్నాయి. పందొమ్మిదవ శతాబ్దంలో సెల్యులాయిడ్‌కు ఆ పని చేసిపెట్టినది మన కర్పూరమే సుమా!

అయితే ఇవి పి.వి.సి.తో రసాయనికంగా బంధింపబడవు. నూనె, నేయి వంటి స్నేహద్రవ్యాలు తగిలితే వాటిలోకి జారుకుంటాయి. అనగా నా గొట్టం కోల్పోయిన మార్దవం రోగులకిచ్చిన తైలంలో చేరిందన్నమాట! కొన్ని థాలేట్లు సంతానోత్పత్తి శక్తికి చేటని ఐరోపా సమాఖ్య 2005లోనే పిల్లల ఆటవస్తువులలో వాటిని నియంత్రించింది.

గొట్టాన్ని పారవేసి స్టీలు గరాటు తెప్పించాను. మీరు కూడా తైలాన్ని, నేతిని గాజుసీసాలోను, ఆవకాయను జాడీలోను ఉంచండి.