పాత బండ్ల హెడ్‌లైట్లు: వెలుగు పెంచుట, చూపు సరిదిద్దుట

ప్రత్తి ఏరుటలు ముమ్మరముగా సాగు కార్తీక, మార్గశిర మాసములలో వరంగల్లు ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టునకు చుట్టుపట్ల పల్లెలనుండి ట్రాక్టరు ట్రాలీలు బారులు తీరి వచ్చుచుండును. ప్రొద్దెక్కకముందే యార్డు చేరుకొని వరుసలో నిలువవలెనని రైతులు తెల్లవారుజాముననే, ఒక్కొక్కప్పుడు నడిరాత్రియే, బయలుదేరుదురు. నర్సంపేట దారి కానిండు, వర్ధన్నపేట దారి కానిండు, ఊళ్లనుండి ఆ దారులను కలియు సన్నని రోడ్లు కానిండు, ఎదురెదురుగా వచ్చు రెండు బండ్ల నడుమ మిగులు చోటు కొద్ది అడుగులు మాత్రమే. రోడ్డువారగా నడచిపోవు మనిషిని, సైకిలువానిని, చెడిపోయి నిలిచియున్న ట్రాలీని ఆ చీకటిలో చూపించునది హెడ్‌లైటు ఒక్కటే. అది సరిగా ఉన్న ప్రాణరక్షణ, చెడియున్న ప్రాణాపాయము.

మన గ్రామములలోని పాత ట్రాక్టర్లను, జీపులను, కార్లను పరిశీలించిన రెండు విధములైన లోపములు కానవచ్చును. కొన్నింటి దీపములు మిణుకుమిణుకుమని వెలుగును. నడుపువానికే దారి కనుపింపదు. మరికొన్నింటి దీపములు సూటిగా ఎదుటివాని కన్నులలో పడును. నడుపువానికి దారి కనుపించినను, ఎదుటివాడు క్షణకాలము గ్రుడ్డివాడగును. విచిత్రమేమనగా, మొదటి లోపమునకు చేయు పొరపాటు చికిత్సయే తరచుగా రెండవ లోపమునకు కారణమగుచున్నది. వెలుగు చాలలేదని యజమాని పెద్ద బల్బు వేయించును. దారి సమస్య తీరలేదు సరికదా, పొరుగువానికి కొత్త సమస్య పుట్టును. అసలు చికిత్స బల్బులో లేదు. అది వైరులోను, దీపమును పట్టియుంచు రెండు స్క్రూలలోను ఉన్నది. పంచాయతీ సభ్యులు ఈ విషయమును గ్రహించి ఊరివారికి తెలియజెప్పవలెనని మా మనవి.

వెలుగు ఎచ్చట తప్పిపోవుచున్నది?

పొలములో నీరు పారించు రైతుకు ఈ సంగతి సులభముగా బోధపడును. బోరువద్ద నీరు ధారాళముగా వచ్చుచున్నను, సన్నని పైపులో చాలదూరము పోయి, అతుకులవద్ద కారిపోయిన, పొలము చివర ధార బలహీనమగును. బ్యాటరీనుండి బయలుదేరిన కరెంటు గతియు ఇట్టిదే. పాత బండ్లలో అది బ్యాటరీనుండి స్విచ్చికి, స్విచ్చినుండి డిప్పర్ మీటకు, అచ్చటనుండి దీపమునకు సన్నని వైరులలో ప్రయాణము చేయును. ఏండ్లు గడచినకొలది స్విచ్చిలోపలి రేకులు నల్లబడును. అతుకులు చిలుము పట్టును. ఎర్తు వైరు బిగించినచోట తుప్పు చేరును. ప్రతిచోట కొంత వోల్టేజి తరిగిపోవును.

లెక్క చూతము. 12 వోల్టుల బండిలో 60/55 వాటుల హాలోజన్ బల్బులు రెండు వెలిగిన సుమారు 10 ఆంపియర్ల కరెంటు పారును. దారిలోని అడ్డంకి ఓము యొక్క సూత్రము ప్రకారము 0.2 ఓము మాత్రమే ఉన్నను 2 వోల్టులు తరిగిపోవును. అనగా బ్యాటరీవద్ద 13.5 వోల్టులు ఉన్నపుడు దీపమునకు 11.5 వోల్టులే అందును. రెండు వోల్టులేకదా అని తోచవచ్చును. కాని ఫిలమెంటు బల్బు గుణము వేరు. వోల్టేజి పదవవంతు తగ్గిన, వెలుగు నూటికి 30 పాళ్లు తగ్గును. పై లెక్కలో దీపము తన వెలుగులో సుమారు 40 పాళ్లు కోల్పోవును. తరిగిన వోల్టేజి ఊరక పోదు. 20 వాటుల వేడియై స్విచ్చిలోను, అతుకులలోను కూర్చుండును. పాత బండ్లలో స్విచ్చిలు కరగిపోవుటకు, వైరులు మాడిపోవుటకు ఇది ముఖ్యకారణము. ఇట్టి బండికి 100/90 వాటుల బల్బు వేసిన కరెంటు మరింత లాగును, వేడి మరింత పెరుగును, నిప్పంటుకొను ప్రమాదము కూడ కలదు.

ఈ లోపము ఒక్క దేశమునకు చెందినది కాదు. మద్రాసులో 1961 మొదలు 1971 వరకు తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు మన పెద్దలకు గుర్తుండును. ఇంగ్లండులో అదే హెరాల్డ్ చట్రమును ఆధారముగా చేసికొని 1962లో స్పిట్‌ఫైర్ అను చిన్న స్పోర్ట్స్ కారును నిర్మించిరి. ఆ కాలపు ఇట్టి కార్లలో హెడ్‌లైటు కరెంటంతయు డ్రైవరు చేతిక్రింది స్విచ్చిగుండానే పోవును. నేటికిని వానిని ముచ్చటగా కాపాడుకొనువారు మొట్టమొదట చేయించు మరమ్మతులలో దీపముల వైరింగు ఒకటి. వారికి అది సరదా. రాత్రిపూట సరుకుతో రోడ్డెక్కు మన ట్రాక్టరునకు అది అవసరము.

పరీక్షించు విధము

ఆటో ఎలక్ట్రీషియన్ వద్ద మల్టీమీటరు ఉండును. ఇంజను నడచుచుండగా, దీపములు వెలుగుచుండగా, మొదట బ్యాటరీ రెండు కొనలవద్ద వోల్టేజి చూడవలెను. పిమ్మట బల్బు హోల్డరువద్ద చూడవలెను. రెండింటికి భేదము అర వోల్టు లోపల ఉన్న వైరింగు మంచిదే. అంతకుమించిన బాగుచేయింపవలెను. మొదట ఎర్తు చూడవలెను. ఎర్తు వైరు బిగించిన చోట రంగును, తుప్పును గీకి, శుభ్రపరచి, మరల బిగించినంతమాత్రాననే అనేక బండ్ల దీపములు కోలుకొనును. దీనికి ఖర్చు లేదు.

రిలే చేయు పని

ఎర్తు బాగుచేసినను భేదము తగ్గనిచో రిలే అమర్చుట ఉత్తమము. రిలే అనగానేమి? రైతు పొలములో మోటారు స్టార్టరు మీట నొక్కును. ఆ మీటలో పారునది కొద్దిపాటి కరెంటే. అది స్టార్టరులోని అయస్కాంతమును పనిచేయించగా, మోటారునకు కావలసిన పెద్ద కరెంటు లావు వైరులలో నేరుగా పోవును. రిలే కూడ అట్టిదే. పాత స్విచ్చి రిలేకు ఆజ్ఞ మాత్రము ఇచ్చును. అందులకు ఆంపియరులో చిన్న భాగము చాలును. దీపముల కరెంటు బ్యాటరీనుండి రిలేమీదుగా నేరుగా దీపమునకు చేరును. స్విచ్చి చల్లగా ఉండును, దీపము ప్రకాశించును.

అప్పరునకు ఒకటి, డిప్పునకు ఒకటి, వెరసి రెండు రిలేలు కావలెను. రిలే కాళ్లపై అంకెలు ఉండును. 30 అను కాలికి బ్యాటరీనుండి వైరు, 87 అను కాలినుండి దీపములకు వైరు, 86 అను కాలికి పాత హెడ్‌లైటు వైరు, 85 అను కాలికి ఎర్తు ఇయ్యవలెను. క్రొత్త వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల లావుండవలెను. ఒక్కొక్క రిలేకు 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి అతి సమీపమున పెట్టవలెను. ఫ్యూజు దూరముగా పెట్టిన, దానికి ముందున్న వైరు ఒరసికొని ఇనుమునకు తగిలిన ఆపువారుండరు. వైరు రేకులోనుండి దూరుచోట రబ్బరు గ్రోమెట్ తప్పక ఉండవలెను. రిలేలను నీరు పడనిచోట, కాళ్లు క్రిందివైపునకు ఉండునట్లు బిగింపవలెను. ఒక్కొక్క దీపమునకు వేరుగా క్రొత్త ఎర్తు వైరు వేయవలెను. పని ప్రారంభించుటకు ముందు బ్యాటరీ ఎర్తు కొనను ఊడదీయుట మరువరాదు.

మిక్కిలి పాత బండ్ల విషయమున మరి మూడు జాగ్రత్తలు గలవు. కొన్నింటిలో బ్యాటరీ 6 వోల్టులది. కొన్ని పాత బ్రిటిషు బండ్లలో ప్లస్ కొన ఎర్తు చేయబడి ఉండును. కొన్నింటిలో ఆల్టర్నేటరునకు బదులు డైనమో ఉండును. డైనమో ఇచ్చు కరెంటు పరిమితము, ఇంజను మెల్లగా తిరుగునపుడు మరింత స్వల్పము. కావున ముందుగా ఈ మూడింటిని నిర్ధారించుకొనియే సామగ్రి కొనవలెను.

వైరింగు ఎంత బాగున్నను, దీపములోపలి అద్దపుపూత తుప్పుపట్టి నల్లబడిన వెలుగు రాదు. అట్టి దీపమును మార్పించుటయే మార్గము. మార్పించునపుడు ఎడమప్రక్క నడక గల దేశమునకు తగిన దీపమేనా అని చూడవలెను. మన దీపముల డిప్పు వెలుగు ఎడమవైపున, అనగా రోడ్డు అంచువైపున, కొంచెము పైకి లేచియుండును. కుడిప్రక్క నడచు దేశముల దీపము తెచ్చి పెట్టిన, ఆ లేచిన వెలుగు ఎదుటివాని కన్నులలో పడును. హాలోజన్ బల్బునకై చేసిన దీపములో ఎల్.ఇ.డి. బల్బు దూర్చుట కూడ ఇట్టి కీడే చేయును. ఫిలమెంటు ఉండవలసిన తావున వెలుగు పుట్టనందున కిరణములు చెదరి నలువైపులకు పోవును.

చూపు సరిదిద్దుట

వెలుగు పెరిగిన పిదప దానిని సరియైన దిశకు మలపుట అత్యవసరము. ఈ రెండవ పని చేయక మొదటిది మాత్రము చేసిన, అపాయమునకు బలము చేకూర్చినట్లగును.

చదునైన నేల, సున్నము వేసిన గోడ, ఒక టేపు, ఒక సుద్దముక్క ఉన్న చాలును. పాఠశాల ఆవరణ ఇందులకు అనువైనది. టైర్లలో గాలి సరిగా ఉంచి, బండిని గోడకు ఎదురుగా 10 మీటర్ల దూరమున నిలుపవలెను. నేలనుండి దీపముల నడిమి ఎత్తు కొలిచి, ఆ ఎత్తున గోడపై అడ్డగీత గీయవలెను. ఒక్కొక్క దీపమునకు సూటిగా నిలువుగీతయు గీయవలెను. దీపము ఎత్తు 80 సెంటీమీటర్ల లోపలిదైన, అడ్డగీతకు 10 సెంటీమీటర్ల దిగువను రెండవ గీత గీయవలెను. ట్రాక్టరువలె దీపములు మీటరు మించిన ఎత్తున ఉన్న 15 సెంటీమీటర్ల దిగువను గీయవలెను.

ఇక డిప్పు వెలిగించి, ఒక దీపమునకు ముందు అట్టముక్క పట్టి, రెండవదానిని సరిచేయవలెను. దీపము వేడెక్కును కనుక దానిపై గుడ్డ కప్పరాదు. వెలుగు చీకటులు కలియు పైఅంచు దిగువ గీతపై నిలుచునట్లు పైస్క్రూను త్రిప్పవలెను. ఆ అంచు ఎడమకు పైకి లేచుచోటు నిలువుగీతమీదనో, దానికి ఇంచుక ఎడమగానో ఉండునట్లు ప్రక్క స్క్రూను త్రిప్పవలెను. కుడివైపునకు ఎన్నడును పోరాదు. అప్పరు, డిప్పు ఒకే బల్బులో ఉన్న దీపములలో డిప్పు సరియైన అప్పరు తనంతట తానే సరియగును.

ఈ కొద్ది సెంటీమీటర్లకు ఇంత పట్టుదల ఏల? 75 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న దీపము 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగిన, దాని పైఅంచు 75 మీటర్ల దూరమున నేలను తాకును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, నడుపువాడు అపాయమును గ్రహించుటకు సెకనున్నర పట్టినచో, మంచి రోడ్డుపై ఆగుటకు సుమారు 50 మీటర్లు కావలెను. కావున ఆ వెలుగు చాలును. అదే దీపము 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు పైకి లేచియున్న, 50 మీటర్ల దూరమున 125 సెంటీమీటర్ల ఎత్తునకు చేరును. అది ఎదుటి కారులో కూర్చున్నవాని కంటి ఎత్తునకు ఇంచుమించు సమానము.

ట్రాలీ బరువు వెనుక పడినపుడు ట్రాక్టరు ముందుభాగము కొంత లేచును. అందుచే సాధారణముగా మోయు బరువుతోనే దీపములను సరిచూడవలెను. దుక్కి దున్నుటకై వెనుక అమర్చిన తెల్లని దీపమును రోడ్డుపైకి రాగానే ఆర్పవలెను. వెనుక వచ్చువాడు దానిని ఎదురువచ్చు బండిగా భ్రమపడును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 106వ నిబంధన దీపపు కాంతి శాశ్వతముగా క్రిందికి వంగియుండవలెనని విధించినది. దీపమునకు 8 మీటర్ల ఎదుట, బండి కుడి అంచునకు అర మీటరు కుడిగా, నేలనుండి మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి అది మిరుమిట్లు గొలుపరాదు. కొలబద్దతో ఎవరైనను ఆ తావున నిలిచి చూడవచ్చును.

పంచాయతీ చేయదగిన పని

2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లెప్రగతి కార్యక్రమముతో తెలంగాణలోని గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. ప్రతిదినము చెత్త మోయుచు, మొక్కలకు నీరు పోయుచు తిరుగు ఆ ట్రాక్టరు దీపములను మొదట పరీక్షింపజేయుడు. తన బండిని చక్కబెట్టుకొన్న పంచాయతీ చెప్పిన మాట ఊరు వినును.

ప్రత్తి మార్కెట్టునకు పోవు కాలమునకు ముందు ఒక సాయంకాలము నిర్ణయించి, పాఠశాల గోడపై గీతలు గీయించి, మండలకేంద్రమునుండి ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుడు. ఊరిలోని ట్రాక్టర్లను, జీపులను, కార్లను వరుసగా రప్పించుడు. ఎర్తు శుభ్రపరచుట, స్క్రూలు త్రిప్పుట ఆనాడే ముగియును. రిలేలు కావలసిన బండ్ల పట్టిక వ్రాసి, పదిమంది కలిసి సామగ్రి తెప్పించుకొన్న ఖర్చు తగ్గును. వీధిదీపముల బాధ్యత వహించు స్థాయీసంఘమే ఈ పనికి పూనుకొనవచ్చును. వీధిదీపము ఊరిలోపల వెలుగునిచ్చును. ఊరి పొలిమేర దాటిన పిదప మన రైతుకు, అతనికి ఎదురుగా వచ్చు పొరుగూరి రైతుకు, బండి దీపమే వీధిదీపము.