టార్చిలైటు లోపల ఏం పోయాలి? ఎపాక్సీనా, సిలికానా?

ఈ ఎపిసోడ్‌లో టార్చిలైటు గట్టిపడాలంటే ఏం చేయాలో మాట్లాడుకుందాం. "ఫోన్‌లోనే లైటు ఉంది కదన్నా" అంటారేమో. ఉంది. కానీ రాత్రి పొలం కాడికి పోయినప్పుడు, ఒడ్డు మీద పాముందా, స్టార్టర్ డబ్బా దగ్గర వైరు తేలిందా చూసుకోవాలంటే చేతిలో గట్టి లైటు ఉండాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అయినా జగిత్యాల పల్లెల్లో నీళ్లు మలుపుకోవడానికి చీకట్లో పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ లైటు ఆరిపోతే ప్రాణం మీదికి వస్తది.

లైటు పాడైందంటే ఎల్‌ఈడీ పోయిందనుకుంటాం. చాలాసార్లు పోయేది లోపలి డ్రైవర్. అంటే బ్యాటరీ కరెంటును ఎల్‌ఈడీకి సరిపడా మార్చే చిన్న బోర్డు. మడిలో పడితే దానికి తడి తగులుతది. బండి మీద తిప్పినా, సిరిసిల్లలో రోజంతా ఆడే సాంచాల కాడ తగిలించినా అదురుకు కాయిల్ కాళ్ల దగ్గర టంకం పగులుతది.

దీనికి మందు పాటింగ్. బోర్డు చుట్టూ ద్రవం పోసి గట్టిపడనివ్వడం. కోరుట్లలో ఏ మోటార్ వైండింగ్ షాపుకు పోయినా చూడొచ్చు, తీగ చుట్టాక వార్నిష్ పట్టిస్తారు. తీగ కదలొద్దు, తడి తగలొద్దు. ఇక్కడా అదే లెక్క.

ఏది పోయాలి?

ఎపాక్సీ: రెండు భాగాలు కలిపి పోసేది. రాయిలా గట్టిపడుతుంది, దెబ్బలకు బాగా ఆగుతుంది. కానీ ఒకసారి పోస్తే రిపేరు మర్చిపోవాల్సిందే. ఎక్కువ ఒకేసారి పోస్తే గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, కుంచించుకుని చిన్న పార్టులను లాగుతుంది. కొంచెం కొంచెంగా పోయాలి.

సిలికాన్: రబ్బరులా ఉంటుంది. దాదాపు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, అదురును మింగుతుంది, కావాలంటే గీకి తీయొచ్చు. అయితే వెనిగర్ వాసన వచ్చే బాత్రూం సిలికాన్ వాడొద్దు. దాంట్లోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తది. ట్యూబు సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి మందంగా పోస్తే లోపల పచ్చిగానే ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ కోసం వచ్చే రెండు భాగాల రకం తీసుకోండి.

పాలీయూరిథేన్: ఈ రెండింటి మధ్య రకం. తడిని బాగా ఆపుతుంది, కానీ వేడి విషయంలో సిలికాన్ అంత తట్టుకోదు. కలిపేటప్పుడు గ్లవ్స్, గాలి తప్పనిసరి.

గ్లూ గన్ జిగురు వేడికి మెత్తబడుతుంది. ఫెవిక్విక్ లాంటివి పెళుసు, పైగా ఆ ఆవిరి లెన్సు మీద తెల్లగా పడుతుంది.

ఇప్పుడు వేడి సంగతి. వేడిని మోసే లెక్కలో గాలి 0.025 అయితే మామూలు ఎపాక్సీ 0.2, అల్యూమినియం 200కు పైనే. అంటే పాటింగ్ గాలి కన్నా నయం, లోహానికి మాత్రం సాటి రాదు. ఎల్‌ఈడీ ప్లేటు ఎప్పటిలాగే లోహపు బాడీకే ఆనాలి, మధ్యలో థర్మల్ పేస్టు ఉండాలి. పవర్ ఎక్కువున్న లైటుకు "థర్మల్లీ కండక్టివ్" అని రాసిన రకం కొనండి.

బ్యాటరీ మీద అస్సలు పోయొద్దు. లిథియం సెల్ చెడితే గ్యాస్ బయటికి పోయే దారి ఉండాలి. ఎల్‌ఈడీ ముఖం, స్ప్రింగు, స్విచ్, చార్జింగ్ పోర్టు కూడా వదిలేయండి. మూత దగ్గరి రబ్బరు రింగు అరిగితే మార్చండి, ఆ పని పాటింగ్ చేయదు.

మొత్తంగా చెప్పాలంటే, పొలం లైటుకు సిలికాన్. సాంచాల కాడ, బండి మీద తిరిగే లైటుకైతే కాయిల్ చుట్టూ కొంచెం ఎపాక్సీ చాలు. పోసే ముందు బోర్డు మీది టంకం జిగురు ఐపీఏతో తుడిచి, అరగంట వెలిగించి చూడండి. లోపల తప్పుంటే అప్పుడే దొరకాలి, పోశాక దొరకదు. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.